తెల్లదిక్కు చూసి వదిలిన కాగితాలు

సెక్యూరిటీ పనిలకు కొత్తగ వచ్చేటోళ్ల కోసం ఇది రాస్తున్న. యూనిఫాం ఎట్ల ఇస్త్రీ చేసుకోవాలె, సెల్యూట్ ఎట్ల కొట్టాలె, అవి నేను చెప్ప. అవి కంపెనీ చెప్తది. నాచారంల రెండు గేట్ల మీద ఇరవై ఏండ్లు నిలవడ్డ. మొదటిది మందుల ఫ్యాక్టరీ, రెండోది కంప్యూటర్ కంపెనీ. మొదటి గేటు మీద దొంగలను పట్టిన. రెండో గేటు మీద దొంగకు తలుపు తీసి పట్టుకున్న. మీకు పనికొచ్చేది రెండోదే. కని మొదటిది చెప్పకపోతే అది అర్థం కాదు.

మందుల ఫ్యాక్టరీ

మాది చెంగిచెర్ల. ఉన్న భూమి తమ్ముళ్లకు సరిపోయింది, నాకు గేటు దొరికింది. అక్కడ ఇంచార్జి ఒక రిటైర్డ్ హవల్దారు. ఆయన నాకు చెప్పిన పాఠం ఒక్కటే. "మొఖం చూడకు, చేతులు చూడు. షిఫ్టు దిగెటప్పుడు అందరివి దొంగ మొఖాలే ఉంటయి."

మందుల పొడి దొంగతనం తొందరగ దొరుకుతది. గోదాంల కాంటా పెడ్తరు, తక్కువొస్తది, తక్కువొచ్చిందంటే ఎవడో తీసిండు. ఒకడు టిఫిన్ డబ్బ కింది గిన్నెల పొడి నింపుకొని పోయేటోడు. డబ్బ పట్టుకుంటే బరువు. ఏముందంటే "అన్నం మిగిలింది సార్" అన్నడు. ఆ ఫ్యాక్టరీల ఎనిమిది గంటలు పనిచేసి అన్నం మిగిల్చిన మనిషిని నేను చూడలే. తెరిపించిన.

అప్పటికి నాకు చదువు రాదు. రిజిస్టర్ల పోయేటోళ్లే పేరు రాసేది, నేను తలకాయ ఊపేది. ఒకడు మూడు నెలలు పేరు రాసే జాగల "నీ తాత" అని రాసుకుంట పోయిండు. మేనేజరు ఒకదినం రిజిస్టరు తిరగేసి, "మీ తాత రోజూ రెండో షిఫ్టుకు వస్తుండా?" అని అడిగిండు. నేను వస్తుండన్న.

మర్నాడే క్యాంటీన్ల క్లర్కు రాజయ్య సారు కాడికి పోయి పలక పట్టిన. అప్పుడు నాకు ముప్పై ఆరేండ్లు. సారు నవ్వలే. తిండి గంటల పావుగంట తను తిని, పావుగంట నాకు చెప్పిండు. రెండేండ్లకు పేర్లు రాసుడు, పేపరు చదువుడు వచ్చింది. అప్పటిసంది రిజిస్టరు నేనే రాసేది, ఎవ్వలకు పెన్ను ఇయ్యలే. ఆలస్యంగ రాత వచ్చినోనికి ఒక రోగం ఉంటది: తన చేత్తోని రాసింది మొత్తం నిజమే అనుకుంటడు. ఆ రోగం నాకు బాగనే ఉండె.

బరువు లేని సరుకు

తొంభైల నడిమిట్ల ఫ్యాక్టరీల షిఫ్టులు తగ్గించిన్రు. అదే రోడ్డు మీద, బోల్టులు చేసే యూనిట్ పైన రెండంతస్తులు కిరాయికి తీస్కొని ఒక కంప్యూటర్ కంపెనీ పెట్టిన్రు. గేటుకు మనిషి కావాలన్నరు, పోయిన. ఓనరు మూర్తి గారు, కోస్తా దిక్కు మనిషి. సర్కారు కంపెనీల ఇంజనీరు కొలువు ఇడిసిపెట్టి వచ్చిండు. మంచోడే, భయస్తుడు. కింద బోల్టుల మిషన్ కొడ్తుంటే పైన కంప్యూటర్లు వణికేటివి. వాటికన్న ఆయన ఎక్కువ వణికేటోడు.

మొదటి దినం నన్ను లోపలికి పిలిచి కాపాడాల్సింది ఏందో చెప్పిండు.

"ఒకే కంపెనీ షేరుకి రెండు మార్కెట్లలో రెండు ధరలు ఉంటాయి ఎల్లయ్యా. తక్కువున్న చోట కొని, ఎక్కువున్న చోట అమ్మాలి. మనిషి చూసేలోపు ధర మారిపోతుంది. మా ప్రోగ్రాం తనే ధరలు చూసి, తనే ఆర్డరు తయారుచేస్తుంది. బొంబాయిలో మా బ్రోకరు దీని మీదే నడుస్తున్నాడు. ఇది ఎవడైనా పట్టుకుపోతే మనమంతా రోడ్డు మీదే."

"ఏడుంది సార్ అది? ఒకపారి చూపెట్టున్రి" అన్న. కాపలా కాసే సరుకును కండ్ల చూడాలె గద.

ఆయన కంప్యూటర్ దిక్కు చెయ్యి చూపిండు. "అందులో."

"ఎంత బరువుంటది?"

"దానికి బరువుండదయ్యా."

అక్కడ్నే నేను నౌకరి ఒద్దనాల్సి ఉండె.

బరువు లేకపోయినా అది పోవాలంటే ఫ్లాపీల పోవాలె అన్నరు. ఫ్లాపీ అంటే అరచెయ్యంత ప్లాస్టిక్ బిళ్ల. అది నాకు అర్థమైంది. ప్రతి ఫ్లాపీకి ఎర్ర పెయింటుతోని నంబరేసిన. కింద బోల్టుల మిస్త్రీతోని రెండు కంప్యూటర్లు తప్ప అన్నిటికి ఫ్లాపీ పెట్టే సందు మీద ఇనుప పట్టీ కొట్టించినం. ఫ్లాపీ బయటికి పోవాలంటే మూర్తి గారి సంతకంతోని చీటి ఉండాలె, నా రిజిస్టర్ల రాయాలె. పోయేటోళ్ల సంచులు, టిఫిన్ డబ్బలు తెరిపించేటోన్ని. చదువుకున్నోళ్లకు ఇది మంచిగనిపియ్యలే.

మల్కాజిగిరి నుంచి సుజాత అని ఒకామె వచ్చేది. నాయన రైల్వేల గార్డు. ప్రోగ్రాంల దినాల లెక్క చూసే భాగం ఆమె రాసింది. వయసుల అందరికన్న చిన్నది, నోరు అందరికన్న పెద్దది.

"మామా, పప్పుల ముంచి తీస్కపోతనా ఫ్లాపీని?" అనేది.

"పప్పుల ముంచితే ఖరాబైతదని నీకెరుక, నాకెరుక. అయినా తెరువు."

"రేపటిసంది నీకు గుడ పెట్టుకొస్త. ఒక ముద్ద తిని సంతకం పెట్టు."

రోజూ సాయంత్రం ఫ్లాపీలు లెక్కవెట్టేటోన్ని. ఏడాదిల ఒక్కటి తక్కువ రాలే. నేను మస్తు ఖుషీగ ఉన్న. పొడి లెక్కనే ఇది గుడ అనుకున్న: తక్కువ రాలేదంటే పోలేదు. కని ఈ సరుకు పోయినంక గుడ ఉన్న కాడ్నే ఉంటది. కాంటాకు అందదు. ఈ ముక్క నాకు మొదటి దినమే ఎవరన్న చెప్తే బాగుండు. మీకు నేను చెప్తున్న.

ఒకదిక్కు కాగితం

నాచారం ఫ్యాక్టరీలల్ల ఒక రివాజు ఉండె. పనికిరానిది పనోళ్లు తీస్కపోవచ్చు. ఖాళీ డబ్బాలు, అట్టపెట్టెలు, ఒకదిక్కు అచ్చుపడి ఇంకోదిక్కు తెల్లగున్న కాగితాలు. అసొంటి కాగితం పారేస్తే పాపమని అందరి నమ్మకం. పిల్లల హోంవర్కుకు, కిరాణం దుకాణంల పొట్లాలకు, దేనికో దానికి పనికొస్తది. మందుల ఫ్యాక్టరీల నేను గట్లనే వదిలిన. ఇక్కడ గుడ వదిలిన. ఎవ్వరు చెప్పలే, నేను అడగలే.

కాగితానికి నా చెకింగు ఏందంటే, కట్టను తిరగేసి చూసేది. ఎనకదిక్కు తెల్లగుంటే వేస్టు, పోనిచ్చేది. రెండు దిక్కుల అచ్చుంటే ఆపేది, ఎందుకంటే రెండు దిక్కుల అచ్చుంటే అది పుస్తకం, పుస్తకం కంపెనీ సొమ్ము. ఈ తెలివి నాదే. ఇంకెవ్వలకు ఇందుల భాగం లేదు.

శేఖర్ అని ప్రోగ్రాం పనికి పెద్ద ఉండె. ఉప్పల్ పిల్లగాడు, మాట మెత్తన. నేను సిగరెట్ డబ్బ మీద ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతుంటే ఒకనాడు చూసిండు.

"ఏంది అన్నా, డబ్బ మీద రాస్తున్నవ్? కాగితాలు లేవా?" అని పైకి పోయి ఒక కట్ట తెచ్చిచ్చిండు. అంచులకు రంధ్రాలున్న పొడుగు కాగితాలు. గేటు కాడ నిలవడి, మా కంపెనీల అందరి పేర్లు పెద్ద అక్షరాల్ల రాసి చూపెట్టిండు. "పేర్లతోని మొదలువెట్టు. రిజిస్టర్ల పనికొస్తది."

పదిహేనేండ్లల్ల గేటు కాడ నిలవడి నాతోని మంచిగ మాట్లాడిన ఆఫీసరు ఆయనే. అప్పటిసంది శనివారం శనివారం రెండు కట్టలు దిగేవి. చిన్నది నాకు. పెద్దది ఆయన బండి మీద. "మా బామ్మర్దికి ఉప్పల్ల టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది అన్నా. నేర్చుకునేటోళ్లు ప్రాక్టీస్ చేసుకుంటరు" అన్నడు. తిరగేసి చూసిన, తెల్లగ ఉండె. బండికి నేనే కట్టిచ్చిన. సుతిలి గుడ నాదే.

ఒక్కతీరు తప్పు

ఏడాది దాటినంక మూర్తి గారు బొంబాయి పోయి, పాలిపోయిన మొఖంతోని వచ్చిండు. ఇంకో బ్రోకరు కాడ అచ్చం మనసొంటి ప్రోగ్రామే నడుస్తున్నదట. ఎవరో కొత్త కంపెనీ అమ్మింది.

శేఖర్ అన్నడు, "ఆలోచన ఎవరికైనా వస్తది సార్. మనకొక్కళ్లకే రావాలని ఉందా?"

నిజమే. కని మూర్తి గారు ఒక సంగతి పట్టుకొచ్చిండు. మార్కెట్‌కు సెలవు పడ్డ వారంల మన ప్రోగ్రాం దినాల లెక్క ఒకటి తప్పేది. సెలవు తెల్లారి పొద్దున అర్ధగంట సేపు ఆర్డరే ఇయ్యకుండ కూసునేది. మన తప్పు మనకు గుడ అప్పుడప్పుడే దొరికింది. అవతలోళ్ల ప్రోగ్రాం గుడ సెలవు తెల్లారి అర్ధగంట గట్లనే కూసున్నదట. సరైన జవాబు ఇద్దరికి ఒక్కతీరు రావచ్చు. తప్పు ఒక్కతీరు వచ్చిందంటే చూసి రాసినట్టే. పరీక్షలల్ల సార్లు పట్టుకునేది గట్లనే గద.

దినాల లెక్క రాసింది సుజాత. ఇగ నా రిజిస్టరు తెప్పిచ్చిన్రు. అందుల నా రాతతోని ఉన్నది: సుజాత, ఫ్లాపీ నంబరు పద్నాలుగు, సికింద్రాబాద్ల బ్రోకరు బ్రాంచిల చూపెట్టుటానికి తీస్కపోయింది, రెండు దినాలు ఆలస్యంగ తెచ్చింది. ఏడాదిల ఆలస్యమైన ఫ్లాపీ గదొక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం మూర్తి గారు అందర్ని నిలవెట్టి అడిగిండు. ముప్పై మంది ఉన్నరు. "ఆ రెండు రోజులు ఫ్లాపీ ఎక్కడుందమ్మా?"

"మా ఇంట్ల ఉండె సార్. జరమొచ్చి పన్న."

"జ్వరమని ఎవరు చెప్పాలి?"

"దవాఖానా చీటి తెస్త."

"చీటీలు ఎవడైనా రాసిస్తాడు. అన్నం పెట్టిన చోటే దొంగతనం చేస్తారా?" అన్నడు. సోమవారం పొద్దున పోలీస్ స్టేషన్‌ల ఫిర్యాదు కాగితం ఇస్తనన్నడు. పోలీసు కేసు పడ్డ ఆడిపిల్లకు ఏ కంపెనీ కుర్చీ ఇయ్యదు. అది ఆమెకు ఎరుక, అక్కడున్న అందరికి ఎరుక.

ఆమె నా దిక్కు తిరిగింది. "మామా, ఫ్లాపీ తెచ్చిచ్చిన్నాడు నా మొఖం ఎట్లుండె? నువ్వే చెప్పు."

"నేను మొఖాలు చూడనమ్మా. చేతులే చూస్త" అన్న.

హవల్దారు పాఠం అంత మంచిగ ఇంకెన్నడు అప్పజెప్పలే. ఆమె సంచి తీస్కొని మెట్లు దిగిపోయింది. శేఖర్ నా పక్కపొంటి నిలవడి, "పాపం, చిన్నపిల్ల" అన్నడు.

ఆదివారం

ఆదివారం పొద్దున ఇంటి కాడ అక్షరాలు దిద్దుదామని కూసున్న. తెల్లదిక్కు మొత్తం నిండిపోయింది. అచ్చుదిక్కు అంచుల జాగ ఉందేమోనని తిప్పిన. ఏడాదిల అచ్చుదిక్కు నేను సక్కగ చూసుడు అదే మొదలు.

ప్రతి కాగితం నెత్తిన చిన్న అక్షరాలున్నయి. ప్రింటు తీసినోని పేరు, తారీకు, కాగితం నంబరు. పేరు చదివిన. శేఖర్. ఆయన నేర్పిన అక్షరాలే. ఇంకో కాగితం తీసిన, శేఖర్. వాకిట్ల చాప ఏసి అన్ని పరిచిన, ఎగిరిపోకుంట రాళ్లు పెట్టిన. నంబర్ల మీద సర్దుకుంట పోతే వరుస తేలింది. వేస్టు కాగితం అంటే వరుస ఉండదు. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క ఉంటది. ఇది ఒకటి నుంచి మొదలై పోతనే ఉన్నది, నడుమ నడుమ కొన్ని లేవు. నా కాడున్నయన్ని ప్రింటరు రిబ్బన్ వెలిసి అచ్చు సక్కగ పడనివి. సక్కగ పడ్డయి ఏడున్నయో నాకు తెలుసు. నేనే కట్టిచ్చిన.

మా ఆమె, పేరు అండాలు, నీళ్ల బిందె దించి చూసింది. "ఏంది, ఒక్కనివే పత్తాలాడుతున్నవా?"

చెప్పిన. ఆమె మొత్తం విన్నది. "గా పిల్ల పేరు చెప్పిన్రు. నీ పేరు ఎవరన్న చెప్పిన్రా?"

"లేదు."

"మరి నువ్వే పోయి చెప్తవా?"

సైకిల్ తీస్కొని ఉప్పల్ పోయిన.

ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఉన్నది. మా బిడ్డను చేర్పిస్తనని చెప్పి లోపలికి పోయిన. ఒకదిక్కు టైపు మిషన్లు, ఇంకోదిక్కు ఆరు కంప్యూటర్లు. కంప్యూటర్ల కాడ ప్రతొక్కరి పక్కన ఒక కాగితం నిలవెట్టి ఉన్నది. అంచులకు రంధ్రాలు. సర్కారు నౌకరి పరీక్షకు తయారైతున్న ఒకామె దడదడ కొడ్తున్నది.

"ఏందమ్మా అది?"

"ప్రాక్టీస్ అంకుల్."

"అర్థమైతదా?"

"ఒక్క ముక్క గుడ కాదు. అర్థం కాకపోతేనే స్పీడు వస్తది అంటడు సారు. తప్పు పోతే మళ్ల మొత్తం కొట్టమంటడు."

ఆమె ముంగటున్న కాగితం నంబరు పన్నెండు. నా కాడ పదకొండు ఉండె, పదమూడు ఉండె.

రెండు బ్యాచుల పిల్లలు ఫీజు కట్టి మరీ మా ప్రోగ్రాం మొత్తం కంప్యూటర్లకు ఎక్కిచ్చిన్రు. తప్పు పోకుంట. అందుకే ఆ సెలవు దినం తప్పు గుడ సక్కగ ఎక్కింది.

సోమవారం

నేను ధైర్యవంతున్నని మీరు అనుకోవద్దు. తొమ్మిదికి చెప్పాలె, చెప్పలే. చాయ్ తాగిన. రిజిస్టర్ల గీతలు కొట్టిన. పదకొండుకు మూర్తి గారు స్టేషన్‌కు పోవుటానికి స్కూటర్ తీసిండు. గేటు తెరవాల్సింది నేనే. తెరవలే.

"గేటు తియ్యి ఎల్లయ్యా."

"సంచి చూడాలె సార్."

"నా సంచా?"

"కాదు సార్. నాది."

సంచిల నుంచి కట్ట తీసి ఆయన చేతికిచ్చిన. స్కూటర్ దిగకుంటనే చదివిండు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది తిప్పి చూసిండు. ఎనకదిక్కు నా అక్షరాలు, వంకరటింకరగ.

"ఇదేమిటి?"

"నేను దిద్దుకున్నయి సార్. ఏడాదిసంది పోతున్నయి ఈ కాగితాలు. పెద్ద కట్ట ఉప్పల్ పోయింది. నేనే పోనిచ్చిన."

ఆయన స్కూటర్ బంద్ చేసిండు. "ఫ్లాపీ డ్రైవులకి ఇనుప పట్టీలు కొట్టించాను. టిఫిన్లు వెతికించాను" అన్నడు, నాతోని కాదు, ఉత్తగ.

శేఖర్‌ను కిందికి పిలిచిండు. శేఖర్ భయపడలే. "వేస్ట్ కాగితాలు సార్. గేటు కాడ చూసినయే. శనివారం శనివారం అన్ననే కట్టిచ్చిండు, అడుగున్రి."

వేస్టు అన్నది తప్ప అందుల ఒక్క అబద్ధం లేదు. ఇంగ్లీషుల పేర్లు రాసుడు నేర్పినోడు నా కండ్లల్లకు చూసి చెప్పిండు. ఈ పనిల మీకు మంచిగ మాట్లాడేటోళ్లు తక్కువ ఉంటరు. మాట్లాడినోని సంచి అందరికన్న ముందు చూడున్రి. వాడు మంచోడైతే ఏమనుకోడు.

మూర్తి గారు పోలీసుల కాడికి పోలే. శేఖర్‌తోని రాజీనామా రాయించుకొని పంపిండు. బయటికి పొక్కితే బొంబాయి బ్రోకరు ఇడిసిపెడ్తడని భయం. నన్ను తీసెయ్యలే. తీసేస్తే ఎందుకని నలుగురు అడుగుతరు గద. ఓనర్లకు దొంగతనం కన్న దొంగతనం జరిగిందన్న మాటకే భయమెక్కువ. ఇది నేను అన్ని కంపెనీలల్ల చూసిన.

సుజాత సంచి

మంగళవారం సుజాతను పిలిపిచ్చిండు. గేటు పక్క గదిల మాట్లాడిన్రు, నాకు వినపడ్డది.

"ఏదో పొరపాటు జరిగిందమ్మా. వెళ్లి నీ పని చేసుకో."

"శుక్రారం ముప్పై మంది ముంగట అన్నరు సార్. ఇప్పుడు గా ముప్పై మంది ముంగటనే కాదని అనుర్రి."

"అదంతా ఎందుకమ్మా. కేసు లేదుగా. వాళ్లకే తెలుస్తుందిలే."

"ఎట్ల తెలుస్తది సార్? శేఖర్ సారు పోయిండు, నేను వచ్చిన. ఇద్దరం కలిసి చేసినమనుకుంటరు."

ఆమె పైకి పోయి, సాయంత్రం దాక కూసొని తన పనంతా ఇంకొకలకు అప్పజెప్పి, రాజీనామా రాసింది. అయిదున్నరకు సామాను సంచిల ఏసుకొని కిందికి దిగింది. ఇండ్లకు పోయేటోళ్లందరు గేటు కాడ లైన్ల ఉన్నరు.

నాకు మొఖం చెల్లలే. గేటు బార్ల తీసి, "పో అమ్మా. నీది చూసేదేం లేదు" అన్న.

ఆమె ఆడ్నే నిలవడ్డది. "చూడు మామా."

"ఒద్దమ్మా."

"నన్నొక్కదాన్నే చూడకుంట వదిలినవంటే రేపు దానికి గుడ ఒక మాట పుడ్తది. చూడు."

సంచి బల్ల మీద పెట్టింది. తెరిచిన. టిఫిన్ డబ్బ, గొడుగు, దువ్వెన, ఒక నోటుబుక్కు. టిఫిన్ డబ్బ మూత తీసి చూసిన. నోటుబుక్కు ఒక్కొక్క కాగితం తిప్పిన, రెండు దిక్కులు చూసిన. లైన్ల ఎవ్వరు తొందరవెట్టలే. పైన కిటికిల మూర్తి గారు నిలవడ్డడు.

రిజిస్టర్ల రాసిన. రాసుడు నాకు ఎప్పుడు జల్దీ రాదు, వాళ్లందరు నిలవడి చూసిన్రు. ఆమె వంగి చదివింది, పెన్ను తీస్కొని సంతకం పెట్టింది. పెట్టి, రిజిస్టరు నా దిక్కు జరిపింది.

"గట్టిగ చదువు మామా."

చదివిన. "సుజాత సంచి చూసిన. కంపెనీది ఏమీ లేదు. ఇంతకు ముందు గుడ ఆమె ఏమీ తీస్కపోలే. పోయిన కాగితాలు గేటు కాడ నేను వదిలినయి. ఎల్లయ్య."

లైన్ల ఎనకున్నోడు వినపడలేదన్నడు. ఇంకోపారి చదివిన.